మైక్రో ఫ్రంటెండ్: ముందుగా హద్దులు, ఆ తరువాతే కోడ్

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధరలు, ఆదోనిలో పత్తి ధరలు, రైతుల నమోదు, చెల్లింపుల వివరాలు ఒకేచోట చూపించే వెబ్ అప్లికేషన్‌ను మూడు బృందాలు తయారుచేస్తున్నాయనుకుందాం. కోడంతా ఒకే ప్రాజెక్టులో ఉంటే ధరల పేజీలో ఒక్క నిలువు వరుస చేర్చడానికి కూడా చెల్లింపుల బృందం పరీక్షలు ముగిసేదాకా ఆగవలసి వస్తుంది. వాడుకరికి కనిపించే వెబ్ పేజీలను విడివిడిగా తయారై విడివిడిగా విడుదలయ్యే చిన్న భాగాలుగా కట్టే మైక్రో ఫ్రంటెండ్ పద్ధతి ఈ ఎదురుచూపును తప్పిస్తుంది. ఉన్నది ఒకే చిన్న బృందమైతే మాత్రం దీని జోలికి వెళ్లకపోవడమే మేలు.

మొదట హద్దులు గీయాలి. హెడర్, మెనూ, బటన్ అంటూ తెరను ముక్కలు చేయకుండా ధరలు, నమోదు, చెల్లింపులు అని పనులవారీగా విడదీసి, ఒక్కో పనిని పూర్తిగా ఒక్కో బృందానికి అప్పగించాలి. ప్రతి మార్పుకూ రెండు భాగాలను కలిపే విడుదల చేయవలసి వస్తోందంటే హద్దు తప్పుచోట పడినట్టే. మొహమాటపడకుండా ఆ రెండింటినీ కలిపేయాలి.

ఈ భాగాలను ఒకే అప్లికేషన్‌గా కూర్చడానికి మాడ్యూల్ ఫెడరేషన్‌ను వాడవచ్చు. కోడ్ ఫైళ్లను బ్రౌజర్ కోసం కట్టగట్టే వెబ్‌ప్యాక్ అనే సాధనం 5వ వెర్షన్‌తో 2020లో వచ్చిన ఇది, విడిగా విడుదలైన కోడ్‌ను బ్రౌజర్‌లో కలుపుతుంది. లాగిన్, రూటింగ్ (ఏ చిరునామాకు ఏ పేజీ చూపాలో తేల్చడం) మాత్రమే చూసుకునే ప్రధాన భాగం హోస్ట్ ఒకటి ఉంటుంది, అది లోడ్ చేసుకునే మిగిలిన భాగాలు రిమోట్‌లు. వెబ్‌ప్యాక్ సెట్టింగుల్లో రిమోట్ తాను బయటికిచ్చే కాంపోనెంట్లను (తెర మీది భాగాల కోడ్‌ను) ‘ఎక్స్‌పోజెస్’ కింద, హోస్ట్ ఆ రిమోట్ చిరునామాను ‘రిమోట్స్’ కింద రాసుకోవాలి. తెరను కట్టడానికి రియాక్ట్ లైబ్రరీని వాడుతుంటే, ‘షేర్డ్’ కింద రియాక్ట్‌ను, దాని తోడైన రియాక్ట్ డామ్‌ను సింగిల్‌టన్‌గా, అంటే అన్ని భాగాలకూ ఒకే ప్రతి ఉండేలా ప్రకటించడం ముఖ్యం. లేకుంటే రియాక్ట్ రెండు ప్రతులుగా లోడై, కోడ్‌లో ఏ తప్పూ లేకపోయినా ‘ఇన్‌వ్యాలిడ్ హుక్ కాల్’ అనే ఎర్రర్ వచ్చే ప్రమాదం ఉంది.

రిమోట్‌ను లోడ్ చేయడానికి హోస్ట్ ముందుగా తెచ్చుకునే రిమోట్ ఎంట్రీ ఫైలు పేరు సాధారణంగా మారదు కనుక దానికి సర్వర్ నుంచి ‘నో-క్యాష్’ హెడర్ (పాత ప్రతిని వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ను అడగమని బ్రౌజర్‌కిచ్చే సూచన) పెట్టాలి. పేరులో హ్యాష్ (ఫైలులోని కోడ్ మారితే తానూ మారే గుర్తు) ఉన్న మిగతా ఫైళ్లను బ్రౌజర్ ఏడాదిపాటు దాచుకున్నా ఇబ్బంది లేదు. ఈ తేడా పాటించకపోతే కొత్త విడుదల వచ్చినా రైతు ఫోనులో పాత పేజీయే కనిపించవచ్చు.

భాగాల మధ్య సమాచారాన్ని యూఆర్ఎల్ ద్వారానో, కస్టమ్ ఈవెంట్ (ఒక భాగం ప్రకటిస్తే మరో భాగం వినే బ్రౌజర్ సందేశం) ద్వారానో పంపాలి. నమోదు భాగం నుంచి చెల్లింపుల భాగానికి రైతు ఐడీ అందితే చాలు. అన్ని భాగాలూ రాసే ఉమ్మడి డేటా స్టోర్ పెడితే విడదీసినవన్నీ మళ్లీ ముడిపడతాయి.

చివరగా ప్రతి రిమోట్‌నూ ఎర్రర్ బౌండరీలో (లోపలి భాగం చెడినా మిగతా పేజీని కాపాడే రియాక్ట్ కాంపోనెంట్‌లో) ఉంచి, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో చెల్లింపుల రిమోట్ చిరునామాను బ్లాక్ చేసి చూడాలి. అప్పుడు కూడా ఉల్లి ధరల పేజీ మామూలుగా తెరుచుకుంటేనే అప్లికేషన్‌ను విడుదల చేయాలి.