నలభై దాటాక పరుగు నుంచి ట్రయథ్లాన్‌కు: లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి?

ఏళ్ల తరబడి పరిగెత్తినవాళ్లకు ఏదో ఒక రోజు మోకాలో మడమో మొరాయిస్తుంది. అప్పుడు ట్రయథ్లాన్ మీదకు మనసు పోతుంది. పరుగు ఎలాగూ వచ్చు, ఈత, సైకిల్ కలుపుకుంటే సరిపోతుందనుకుంటాం. నేనూ 46వ ఏట అలాగే అనుకున్నాను. మొదటి రోజు పూల్‌లో 25 మీటర్లు పోయేసరికి గట్టు పట్టుకుని వేలాడాను. హాఫ్ మారథాన్‌లు పరిగెత్తిన ఊపిరి ఎటు పోయిందో తెలియలేదు.

1. ముందు డాక్టర్ని కలవండి. బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోండి. పరిగెత్తేవాళ్లం కదా, మనకేమవుతుందన్న ధీమా వద్దు.

2. దూరం ఎంచుకోండి. స్ప్రింట్ ట్రయథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం దీనికి సరిగ్గా రెట్టింపు. గోవాలో జరిగే ‘ఐరన్‌మ్యాన్ 70.3’ అనే ఇంకా పెద్ద ట్రయథ్లాన్‌లో ఈతే 1.9 కిలోమీటర్లు, అదీ సముద్రంలో. మొదటి ఏడాదికి స్ప్రింట్ చాలు. టైమ్ లక్ష్యం పెట్టుకోకండి, పూర్తిచేయడమే లక్ష్యం.

3. ఈతకు ఎక్కువ రోజులివ్వండి. ఊళ్లో బావిలో నేర్చుకున్న ఈత ఉంటే సంతోషమే, కానీ అది తల పైకెత్తి కొట్టే ఈత. తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి, నీళ్లు మనల్ని వెనక్కి లాగుతాయి. ముఖం నీళ్లలో పెట్టి, ఊపిరి నీళ్లలోనే బుడగలుగా వదిలి, పక్కకు తిరిగి పీల్చడం కొత్తగా నేర్చుకోవాలి. రన్నర్లకు ఇంకో చిక్కు: చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి, కాళ్లు ఎంత ఆడించినా ముందుకు పోం. అందుకే మొదటి రెండు నెలలు దూరం లెక్కపెట్టకుండా ‘వారానికి మూడుసార్లు పూల్‌కు వెళ్తాను’ అన్నదే లక్ష్యంగా పెట్టుకోండి. ఆ తర్వాత ఆగకుండా 100, 200, 400 మీటర్లు. 25 మీటర్ల పూల్‌లో 750 మీటర్లంటే 30 లెంగ్త్‌లు. చెరువులోనో సముద్రంలోనో రేసైతే, దానికి ముందు ఒకట్రెండు సార్లు తోడుతో, లైఫ్‌గార్డ్ ఉన్నచోట దిగి చూడండి.

4. పరుగు తగ్గించండి. అసలు కష్టం ఇక్కడే. వారానికి అయిదు రోజులు పరిగెత్తినవాళ్లు మూడుకు దిగాలి. గ్రూపులో మిత్రులు ‘ఏమైంది, కనబడట్లేదు’ అంటారు, అననివ్వండి.

5. సైకిల్ దిగి పరిగెత్తండి. పదిహేను రోజులకోసారి, కాస్త కుదురుకున్నాక వారానికోసారి, సైకిల్ దిగిన వెంటనే 10 నిమిషాలు పరుగు. దీన్ని బ్రిక్ అంటారు. మొదటి కిలోమీటరు కాళ్లు మనవి కానట్టే ఉంటాయి. హైదరాబాద్‌లో ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, ట్రాఫిక్ టెన్షన్ ఉండదు.

6. విశ్రాంతినీ ప్లాన్‌లో రాసుకోండి. వారానికి ఒక రోజు పూర్తి సెలవు, ప్రతి నాలుగో వారం సాధన కొంత తక్కువ. ఈ వయసులో కండ తగ్గకుండా వారానికి రెండు రోజులు బరువులు కూడా ఎత్తాలి.

రేసుకు ముందు మార్పిడి, అంటే ఈత ముగించి సైకిల్‌కు, సైకిల్ దిగి పరుగుకు మారడం, కూడా సాధన చేయండి. సైకిల్ ముట్టుకునే ముందే హెల్మెట్ క్లిప్ పెట్టేయడం అలవాటు చేసుకోవాలి, లేకపోతే పెనాల్టీ పడవచ్చు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తడి బట్టలతో పదిసార్లు హెల్మెట్ పెట్టి తీస్తుంటే వాచ్‌మన్ నవ్వుతాడు. మా వాచ్‌మన్ అయితే మూడో రోజుకల్లా టైమ్ చూసి చెప్పడం మొదలెట్టాడు.