బెంగళూరులో గర్భిణి ఉద్యోగానికి ఎసరు వస్తే: లాయరును కలిసే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో పనిచేసే తెలుగు మహిళలు చాలామంది రాజీనామా ఇచ్చేశాకే లాయరు గడప తొక్కుతారు. గర్భవతినని చెప్పిన కొద్ది వారాలకే పనితీరు బాగాలేదంటూ మెయిల్ రావడం, ఆపైన హెచ్.ఆర్. వారు పిలిచి "మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం" అనడం మామూలు తంతు. ఆ గదిలో సంతకం పెట్టకండి. ఆలోచించుకుని చెబుతానని బయటికి వచ్చి, ఆ సాయంత్రమే జరిగిన సంభాషణను మెయిల్‌గా రాసి వారికే పంపండి. ఇష్టపూర్వకంగా మానేస్తున్నానని సంతకం చేసిన కాగితం బలవంతంగా రాయించుకున్నదని తర్వాత రుజువు చేయడం చాలా కష్టం.

తర్వాత తేదీల వరుస రాసుకోండి. "మార్చి 4: గర్భవతినని మేనేజరుకు మెయిల్. మార్చి 21: ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్‌లో (పనితీరు మెరుగుపరచుకోవాలంటూ పెట్టే గడువు) పెట్టారు. అంతకు ముందు అప్రైజల్‌లో మంచి రేటింగ్." పేజీలకొద్దీ రాసిన ఆవేదన కంటే ఈ మూడు వాక్యాలే కేసును నిలబెడతాయి. మేనేజరు తూలనాడి ఉంటే ఆ మాటను మెత్తబరచకుండా అన్నది అన్నట్టే రాయండి. ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, అప్రైజల్ పత్రాలు, సెలవు దరఖాస్తు, వీటన్నిటినీ కంపెనీ మీ మెయిల్ ఐడీ ఆపేయక ముందే దాచుకోండి. అయితే క్లయింట్ ఫైళ్ళ జోలికి పోవద్దు, దాన్నే మీ మీద అభియోగంగా మలచగలరు.

రాజ్యాంగంలోని 15వ అధికరణాన్ని చాలామంది అర్జీ మొదట్లోనే రాస్తారు గాని, అందులోని ప్రధాన నిషేధం ప్రభుత్వానికే వర్తిస్తుంది కనుక ప్రైవేటు కంపెనీపై అది సూటిగా పనిచేయదు. మీకు అక్కరకొచ్చేది ప్రసూతి చట్టమే. 1961 నాటి ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా, ప్రసవానికి ముందరి 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన వారికి మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 26 వారాల సెలవు, ప్రసూతి సెలవులో ఉండగా తొలగించకూడదన్న నిషేధం కొనసాగుతున్నాయి. తొలగింపు ఉత్తర్వు అందిన 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవాలి, హెచ్.ఆర్. వారితో బేరసారాలు నడుస్తున్నాయని ఈ గడువు ఆగదు. లైంగిక వేధింపు కూడా ఉంటే దానికి వేరే ఫిర్యాదు, 3 నెలల్లోపు, కంపెనీ అంతర్గత కమిటీకి ఇవ్వాలి.

అప్పీలు ఎవరికి ఇవ్వాలో, అంటే మీ కంపెనీ ఏ అధికారి పరిధిలోకి వస్తుందో, బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక శాఖ ఉండే కార్మిక భవనంలో కనుక్కోండి. లాయరు ఫీజు భయం ఉంటే ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి: 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి.