కెపాసిటర్ బ్యాంకుకు ఓవర్‌వోల్టేజ్ రక్షణ: లెక్క, సెట్టింగులు, తనిఖీ

పవర్ ఫ్యాక్టర్ సరిచేయడానికి పెట్టే కెపాసిటర్ల సముదాయమే కెపాసిటర్ బ్యాంకు. దాని ప్యానెల్ మీటర్ 440 వోల్టులే చూపిస్తుంటుంది, లోపల కెపాసిటర్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ఉబ్బిపోతుంటాయి. సరుకు నాసిరకమని తేల్చేసి కొత్తవి బిగిస్తే కొన్నాళ్లకు అవీ అదే దారి పడతాయి. మీటర్ చూపించేది బస్‌బార్ (సప్లై పంచే లోహపు పట్టీ, క్లుప్తంగా బస్) వోల్టేజ్. కెపాసిటర్ టెర్మినళ్ల మధ్య పడే వోల్టేజ్ దానికంటే ఎక్కువగా ఉండొచ్చు, చాలాసార్లు ఉంటుంది కూడా. ముందు ఆ వోల్టేజ్ ఎంతో లెక్క తేల్చాలి. రిలే (వోల్టేజ్ హద్దు దాటితే బ్యాంకును ట్రిప్ చేసే పరికరం) సెట్టింగుల పని ఆ తర్వాతే.

కెపాసిటర్ ఎంత తట్టుకుంటుంది

1000 వోల్టుల లోపు సెల్ఫ్ హీలింగ్ కెపాసిటర్లకు ఐఈసీ 60831 ప్రమాణం వర్తిస్తుంది. రేటెడ్ వోల్టేజ్ మీద ఎంతకాలమైనా నడవొచ్చు. 1.10 రెట్లు అయితే రోజుకు 8 గంటలు, 1.15 రెట్లు అయితే రోజుకు 30 నిమిషాలు, 1.20 రెట్లకు 5 నిమిషాలు, 1.30 రెట్లకు 1 నిమిషం. హై వోల్టేజ్ యూనిట్లకు వర్తించే ఐఈసీ 60871లోనూ దాదాపు ఇవే పరిమితులు. 1.10 రెట్ల దగ్గర మాత్రం 8 గంటలకు బదులు 12 గంటలు ఇచ్చారు.

ఇవి అప్పుడప్పుడూ వచ్చే పరిస్థితికి ఇచ్చిన వెసులుబాటు మాత్రమే. 1.15 రెట్లు దాటిన సందర్భాలు కెపాసిటర్ జీవితకాలం మొత్తంలో 200కు మించవన్న లెక్క మీదే ఆ పట్టిక నిలబడింది. రాత్రి పూట లోడ్ తగ్గినప్పుడల్లా 10% ఎక్కువ వోల్టేజ్ పడే చోట "ప్రమాణం ఒప్పుకుంటుంది కదా" అని వదిలేస్తే ఆయుష్షు తరిగిపోతూనే ఉంటుంది. పైగా కేవీఏఆర్ (కెపాసిటర్ ఇచ్చే రియాక్టివ్ పవర్) వోల్టేజ్ వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. వోల్టేజ్ 10% పెరిగితే కేవీఏఆర్ 21% పెరుగుతుంది, దాంతో పాటే వేడీ పెరుగుతుంది.

మెటలైజ్డ్ పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌లో బలహీనంగా ఉన్న చోట వోల్టేజ్ ఎక్కువైతే చిన్న రంధ్రం పడుతుంది. దాని చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరైపోయి, ఆ చోటు మిగతా భాగం నుంచి తెగిపోతుంది. సెల్ఫ్ హీలింగ్ అంటే ఇదే. ఇలా జరిగిన ప్రతిసారీ కాస్త కెపాసిటెన్స్ పోతుంది, కాస్త గ్యాస్ పుడుతుంది. గ్యాస్ ఒత్తిడి పెరిగితే క్యాన్ మూత పైకి లేచి లోపలి వైరును తెంపేస్తుంది. ఓవర్‌ప్రెషర్ డిస్‌కనెక్టర్ పనితీరు అది. అందుకే టెర్మినళ్లకు గట్టి రాగి పట్టీ బిగించకూడదు. పట్టీ మూతను కదలనివ్వదు, లోపలి వైరు తెగదు, క్యాన్ పగిలేదాకా వస్తుంది. వంగే కేబుల్ వాడి, మూత పైన తయారీదారు చెప్పినంత ఖాళీ తప్పకుండా వదలాలి.

కెపాసిటర్ మీద పడే వోల్టేజ్ లెక్క

మొదట బస్ వోల్టేజ్ సంగతి. పగలు ఒకసారి చూసి రాసుకుంటే సరిపోదు. రాత్రి, సెలవు రోజు కూడా కలిసేలా కనీసం ఒక వారం పాటు లాగర్ పెట్టి గరిష్ఠ విలువ తీసుకోండి. ఆ గరిష్ఠం ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (అవుట్‌పుట్ వోల్టేజ్‌ను మార్చే అమరిక) చూడాలి. ట్యాప్ సరిచేస్తే పోయే సమస్యను రిలేతో ఆపాలని చూస్తే బ్యాంకు రోజూ ట్రిప్ అవుతుంది, పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది.

బ్యాంకు కూడా వోల్టేజ్‌ను లేపుతుంది. ఎంత శాతమో ఇలా తెలుస్తుంది: కేవీఏఆర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ శాతంతో గుణించి కేవీఏతో భాగించాలి. 1000 కేవీఏ, 5% ఇంపెడెన్స్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద 400 కేవీఏఆర్ పెడితే 2% పెరుగుతుంది. ఈ 2% గుర్తుంచుకోండి, రిలే దగ్గర మళ్లీ కావాలి.

తర్వాత సిరీస్ రియాక్టర్, అంటే హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు గుణిజాలైన ఫ్రీక్వెన్సీలు) బెడద తగ్గించడానికి కెపాసిటర్‌తో సిరీస్‌లో పెట్టే కాయిల్. దీన్నే డీట్యూన్డ్ రియాక్టర్ అంటారు. అది ఉన్న స్టేజ్‌లో (బ్యాంకులో విడిగా ఆన్, ఆఫ్ అయ్యే భాగంలో) కెపాసిటర్ వోల్టేజ్ బస్ కంటే ఎక్కువ. బస్ వోల్టేజ్‌ను (1 − రియాక్టర్ శాతం)తో భాగించాలి. 7% రియాక్టర్‌తో 440 వోల్టుల బస్ మీద కెపాసిటర్‌కు 440 ÷ 0.93, అంటే 473 వోల్టులు పడతాయి. రాత్రి బస్ 455కి లేస్తే 489. ఇక్కడ 480 వోల్టుల కెపాసిటర్ హార్మోనిక్స్ కలపకముందే రేటింగ్ దాటేసింది, కాబట్టి 525 వోల్టులదే సరైన ఎంపిక. 14% రియాక్టర్ అయితే 440 దగ్గరే 512 వోల్టులు పడతాయి, 525లో మిగిలే వెసులుబాటు చాలా తక్కువ.

ఎక్కువ వోల్టేజ్ రేటింగ్ తీసుకుంటే కేవీఏఆర్ తగ్గుతుంది. 525 వోల్టుల దగ్గర 25 కేవీఏఆర్ ఇచ్చే యూనిట్ 440 వోల్టుల బస్ మీద 7% రియాక్టర్‌తో సుమారు 18.9 కేవీఏఆరే ఇస్తుంది. నిజంగా 25 కావాలంటే 525 వోల్టుల దగ్గర 33 కేవీఏఆర్ యూనిట్ తీసుకోవాలి. మరమ్మతుల్లో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. పోయిన 525 వోల్టుల యూనిట్ స్థానంలో, చేతికి దొరికిన 440 వోల్టుల యూనిట్‌ను కేవీఏఆర్ అంకె ఒకటే కదా అని బిగిస్తారు. రియాక్టర్ వెనక అది మొదటి నిమిషం నుంచే ఓవర్‌వోల్టేజ్‌లో నడుస్తుంది. పైగా కెపాసిటెన్స్ మారడంతో ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ కూడా 7% రియాక్టర్‌కు ఉండాల్సిన 189 హెర్ట్జ్ దగ్గర ఉండదు.

మీటర్‌కు చిక్కని హార్మోనిక్స్

బస్ మీద 5వ హార్మోనిక్ 5%, 7వది 8% ఉన్నాయనుకుందాం. స్టేజ్‌లో రియాక్టర్ లేదు. ఆర్ఎంఎస్ వోల్టేజ్ (మీటర్ చూపే సగటు లాంటి విలువ) పెరిగేది అర శాతం లోపే, మామూలు వోల్ట్‌మీటర్‌లో అది తెలియనే తెలియదు. కానీ శిఖరాలు ఒకేచోట కలిస్తే పీక్ వోల్టేజ్ 13% పెరుగుతుంది. డైఎలెక్ట్రిక్‌ను, అంటే లోపలి ఇన్సులేషన్ ఫిల్మ్‌ను, చీల్చేది పీకే. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కెపాసిటర్ ఎక్కువ కరెంట్ లాగుతుంది కాబట్టి ఇదే బస్ మీద కరెంట్ సుమారు 17% పెరుగుతుంది. కాబట్టి ట్రూ ఆర్ఎంఎస్ క్లాంప్ మీటర్‌తో కెపాసిటర్ కరెంట్ కొలవడం వోల్టేజ్ చూడటం కంటే ఎంతో నమ్మదగిన పరీక్ష.

ఈ హార్మోనిక్‌ను పెంచేది రెజొనెన్స్, అంటే ట్రాన్స్‌ఫార్మర్, బ్యాంకు కలిసి ఒక ఫ్రీక్వెన్సీని బలపరచడం. అది ఎన్నో హార్మోనిక్ దగ్గర వస్తుందో ఇలా తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ సర్క్యూట్ ఎంవీఏను బ్యాంకు ఎంవీఏఆర్‌తో భాగించి వర్గమూలం తీయండి. పై ఉదాహరణలో షార్ట్ సర్క్యూట్ స్థాయి 1000 కేవీఏ ÷ 5%, అంటే 20 ఎంవీఏ. 400 కేవీఏఆర్ ఆన్‌లో ఉన్నప్పుడు √50, అంటే 7.07. సరిగ్గా 7వ హార్మోనిక్ మీద కూర్చుంది! 300 కేవీఏఆర్ దగ్గర అది 8.2కి జరుగుతుంది. అంటే ఆటోమేటిక్ ప్యానెల్ స్టేజీలు మారుస్తున్నప్పుడు కొన్ని కలయికల్లోనే సమస్య వస్తుంది. అన్ని స్టేజ్ కలయికలకూ ఈ లెక్క వేసి చూడండి. 5, 7, 11, 13లకు దగ్గరగా ఏది పడినా, డ్రైవ్‌లూ రెక్టిఫయర్లూ ఉన్న చోట రియాక్టర్ తప్పనిసరి. రియాక్టర్ ఉన్న స్టేజీలనూ లేనివాటినీ ఒకే బస్ మీద కలపొద్దు.

స్విచింగ్ వేళ వచ్చేవి

ఖాళీగా ఉన్న కెపాసిటర్‌ను ఆన్ చేస్తే వోల్టేజ్ పీక్ మామూలు పీక్‌కు 2 రెట్ల దాకా పోవచ్చు. ఛార్జ్ మిగిలి ఉండగా, సప్లై దానికి ఎదురు ధ్రువంలో ఉన్న క్షణంలో ఆన్ అయితే 3 రెట్ల దాకా పోవచ్చు. మళ్లీ ఆన్ చేసేటప్పటికి మిగిలిన వోల్టేజ్ రేటెడ్ వోల్టేజ్‌లో 10% లోపు ఉండాలి. ఐఈసీ 60831 ప్రకారం డిశ్చార్జ్ రెసిస్టర్ 3 నిమిషాల్లో 75 వోల్టులకు దించాలి, హై వోల్టేజ్‌కు ఆ గడువు 10 నిమిషాలు. కంట్రోలర్‌లో రీకనెక్షన్ ఆలస్యం బిగించిన రెసిస్టర్‌కు సరిపోయేలా ఉండాలి. ప్యానెల్ త్వరగా స్పందించాలని ఆ సమయం తగ్గించేవారు ముందు రెసిస్టర్ మార్చాలి.

లో వోల్టేజ్‌లో కెపాసిటర్ డ్యూటీ కాంటాక్టరే వాడాలి. దానిలో ముందుగా కలిసే సహాయక కాంటాక్టులు, రెసిస్టెన్స్ వైర్లు ఉంటాయి. ఆ వైర్లు కాలి తెగిపోతే కాంటాక్టర్ మామూలుగానే పడుతుంది, లేస్తుంది, కాబట్టి లోపం బయటపడదు. తనిఖీలో వాటిని కళ్లతో చూడాలి. హై వోల్టేజ్‌లో బ్రేకర్ రీస్ట్రైక్ (తెరుచుకున్నాక కాంటాక్టుల మధ్య మళ్లీ ఆర్క్ రావడం) అసలు ప్రమాదం, అందుకే ఆ అవకాశం చాలా తక్కువగా ఉండే సీ2 తరగతి బ్రేకర్ అడగాలి. బ్యాంకు దగ్గర పెట్టే జింక్ ఆక్సైడ్ అరెస్టర్ (సర్జ్‌ను ఎర్త్‌కు మళ్లించే పరికరం) విషయంలో వోల్టేజ్ రేటింగే కాదు, బ్యాంకు శక్తిని మింగగల సామర్థ్యం కూడా లెక్కలోకి రావాలి.

మోటార్ టెర్మినళ్లకు నేరుగా కట్టిన కెపాసిటర్‌ది వేరే ప్రమాదం. స్విచ్ తీశాక తిరుగుతున్న మోటార్‌ను కెపాసిటర్ జనరేటర్‌లా ఎక్సైట్ చేసి, రేటెడ్‌ను మించిన వోల్టేజ్ పుట్టించగలదు. పెద్ద ఫ్యాన్ల వంటి ఆగకుండా చాలాసేపు తిరిగే లోడ్ల దగ్గర ఇది మరింత తీవ్రం. కెపాసిటర్ కరెంట్ మోటార్ నో లోడ్ కరెంట్‌లో 90% మించకూడదు. 415 వోల్టుల మోటార్ నో లోడ్‌లో 20 ఆంపియర్లు తీసుకుంటే 12.9 కేవీఏఆర్ హద్దు, కాబట్టి 12.5 పెట్టుకోవచ్చు. వేరియబుల్ స్పీడ్ డ్రైవ్ అవుట్‌పుట్ వైపు కెపాసిటర్ పెట్టనే కూడదు.

రిలే సెట్టింగులు

ఓవర్‌వోల్టేజ్ సెట్టింగుకు ఆధారం కెపాసిటర్ రేటెడ్ వోల్టేజ్. రిలే బస్ నుంచి వోల్టేజ్ తీసుకుంటుంటే రియాక్టర్ వల్ల పెరిగేదాన్ని వెనక్కి లెక్కవేయాలి. 525 వోల్టుల కెపాసిటర్‌కు 110% అంటే 577. 7% రియాక్టర్ ఉంటే బస్ వైపు అది 537. మరీ అంత ఎత్తు బస్‌లోని ఇతర పరికరాలకు మంచిది కాదు కాబట్టి, అలాంటి చోట వాటి హద్దునే బ్యాంకు ట్రిప్ స్థాయిగా పెట్టడం మేలు.

రెండు దశలు పెట్టండి. 110% దగ్గర 60 సెకన్ల ఆలస్యం, 120% దగ్గర 1 సెకను. రెండో దశ ఆలస్యం లైన్ ఫాల్ట్ క్లియర్ అయ్యే సమయం కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే అనవసరపు ట్రిప్పులు వస్తాయి. రీసెట్ స్థాయి ట్రిప్ కంటే కనీసం 3 నుంచి 4 శాతం కింద ఉండాలి. పై ఉదాహరణలో బ్యాంకు తీయగానే వోల్టేజ్ 2% పడుతుంది. రీసెట్ 1% కిందే పెడితే బ్యాంకు ఆన్, ఆఫ్ అవుతూనే ఉంటుంది, ఆన్ అయిన ప్రతిసారీ ఓ స్విచింగ్ సర్జ్. అండర్‌వోల్టేజ్ ట్రిప్ కూడా వదలొద్దు. సప్లై పోయినప్పుడు బ్యాంకు విడిపోవాలి, తిరిగి వచ్చేటప్పుడు లోడ్ లేని లైన్ మీద బ్యాంకు ముందే ఉండకూడదు. వీలుంటే కరెంట్ నుంచి కెపాసిటర్ పీక్ వోల్టేజ్ లెక్కించే రిలేనే తీసుకోండి, అది హార్మోనిక్స్‌ను కూడా పట్టుకుంటుంది.

హై వోల్టేజ్ బ్యాంకులో లోపలి అసమతుల్యం

ఇక్కడ బస్ వోల్టేజ్ సరిగ్గా ఉన్నా యూనిట్ల మీద ఓవర్‌వోల్టేజ్ వస్తుంది. ఎర్త్ చేయని స్టార్ బ్యాంకులో ఒక్కో ఫేజ్‌కు 3 సిరీస్ గ్రూపులు, గ్రూపుకు 10 సమాంతర యూనిట్లు, ప్రతి యూనిట్‌కూ బయటి ఫ్యూజ్ ఉన్నాయనుకోండి. ఒక ఫ్యూజ్ పోతే ఆ గ్రూపులో మిగిలిన 9 యూనిట్ల మీద వోల్టేజ్ 108.4% అవుతుంది. రెండో ఫ్యూజ్ పోతే 118.4%. బస్ అప్పటికే 5% ఎక్కువగా ఉంటే ఒక్క ఫ్యూజ్ పోయినా 113.8% దాకా వెళ్తుంది. అందుకే బస్ రిలే ఒక్కటే ఎప్పుడూ చాలదు.

పెరిగే వోల్టేజ్‌కు సూత్రం ఇది. 3 × గ్రూపులు × యూనిట్లు అన్నదాన్ని (3 × గ్రూపులు × మిగిలిన యూనిట్లు + 2 × పోయిన యూనిట్లు)తో భాగించాలి. అసమతుల్యం వల్ల స్టార్ మధ్య బిందువు (న్యూట్రల్) సున్నా నుంచి జరిగే వోల్టేజ్ కావాలంటే పోయిన యూనిట్ల సంఖ్యను అదే హారంతో భాగించండి, ఫేజ్ వోల్టేజ్‌లో ఎంత భాగమో వస్తుంది. 33 కేవీ బ్యాంకులో ఒకటి పోతే 230 వోల్టులు, రెండు పోతే 501. న్యూట్రల్ పీటీ (వోల్టేజ్‌ను రిలే కోసం తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) నిష్పత్తి 300 అయితే రిలే దగ్గర 0.77, 1.67 వోల్టులు. అలారం 0.5 వోల్ట్ దగ్గర కొన్ని సెకన్ల ఆలస్యంతో, ట్రిప్ ఈ రెండింటి నడుమ 1.2 వోల్టుల దగ్గర 0.5 సెకను ఆలస్యంతో పెట్టుకోవచ్చు. బ్యాంకు ఆరోగ్యంగా ఉన్నప్పుడే 0.3 వోల్ట్ కనిపిస్తుంటే ఈ సెట్టింగులకు అర్థం ఉండదు. కెపాసిటెన్స్ కొలిచి యూనిట్లను ఫేజ్‌ల మధ్య సర్దాలి. ఈ ట్రిప్‌కు లాకౌట్ పెట్టి, చేతితోనే రీసెట్ అయ్యేలా చూడాలి. ఏ యూనిట్ పోయిందో తెలియకుండా తిరిగి ఛార్జ్ చేయకూడదు.

కొలతలు

ముందు ఐసొలేట్ చేసి డిశ్చార్జ్ గడువు ఆగాలి. తర్వాత ఎర్తింగ్ రాడ్‌తో టెర్మినళ్లను, న్యూట్రల్‌ను షార్ట్ చేసి ఎర్త్ చేయాలి. ఫ్యూజ్ పోయిన యూనిట్ బ్యాంకు నుంచి విడిపోయి ఉంటుంది, బ్యాంకును ఎర్త్ చేసినా దానిలో ఛార్జ్ మిగలొచ్చు. దాన్ని విడిగా షార్ట్ చేయండి.

440 వోల్టుల 25 కేవీఏఆర్ త్రీ ఫేజ్ యూనిట్ 50 హెర్ట్జ్ దగ్గర 32.8 ఆంపియర్లు తీసుకోవాలి. కొలిచేటప్పుడు ఉన్న వోల్టేజ్ వేరైతే అదే నిష్పత్తిలో సవరించాలి. డెల్టాలో ఒక్కో భాగం 137 మైక్రోఫారాడ్లు, కానీ వైర్లు విప్పి రెండు టెర్మినళ్ల మధ్య కొలిస్తే 1.5 రెట్లు, అంటే సుమారు 205 రావాలి. కొత్తదానికే −5% నుంచి +10% దాకా తేడా ఒప్పుకుంటారు కాబట్టి బిగించిన రోజున కొలిచి రాసిపెట్టుకున్న విలువతోనే పోల్చాలి. 5% తగ్గితే కొలతలు తరచుగా తీయండి, 10% తగ్గితే మార్చేయండి. హై వోల్టేజ్ యూనిట్‌లో కెపాసిటెన్స్ తగ్గితే లోపలి ఫ్యూజ్ పోయినట్టు. పెరిగితే లోపల ఒక సిరీస్ భాగం షార్ట్ అయి మిగతావాటి మీద వోల్టేజ్ పెరిగినట్టు. అలాంటి యూనిట్‌ను ఆ రోజే తీసేయాలి.