మొహం మీది బూడిద ఎలా వదిలిందంటే

బల్దూర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్‌లో నా పాత్రగా మా అక్కలాంటి చామనఛాయ మనిషిని చేద్దామని గంటన్నర కూర్చున్నా, తీరా గేమ్ మొదలై ఓడ కూలి బీచ్‌లో లేచేసరికి మొహానికి విభూతి పూసినట్టుంది, అక్క చూసి "ఇది నేనా, దెయ్యమా?" అంది. తప్పు నాదేలెండి, పాత్రని తయారుచేసే క్రియేషన్ స్క్రీన్ లైటింగ్ నమ్మేశా. 2023 సెప్టెంబర్ ప్యాచ్ 3 (గేమ్ అప్‌డేట్) నుంచి క్యాంప్‌లో రూపం మార్చుకునే మ్యాజిక్ మిర్రర్ ఉంది, ఫ్రీనే, రేస్ (జాతి) మాత్రం మారదు (నాది ఎలాగూ హ్యూమనే). అందులో కాస్త ఎరుపు కలిసిన గోధుమరంగు పెట్టి, బయట ఎండలో నిలబెట్టి చూసి, మళ్లీ మిర్రర్ దగ్గరికొచ్చి, ఇలా మూడుసార్లు తిరిగితే కుదిరింది. స్కైరిమ్ అనే ఇంకో గేమ్‌లో అయితే ఇదే పనికి రిఫ్టెన్ ఊళ్లో మొహం మార్చే ఫేస్ స్కల్ప్టర్‌కి 1,000 గోల్డ్ కట్టాలి. ఇప్పుడు అక్క ముక్కు సన్నం చెయ్యమంటోంది, బల్దూర్స్ గేట్‌లో ముక్కు సైజు మార్చే స్లైడర్ లేదే బాబూ అంటే వినదు.