కొండవాలు ఇంట్లో గోడ ఒరిగితే, గచ్చు పగిలితే

విశాఖలో ఆరిలోవ, మాధవధార, హనుమంతవాక వైపు కొండవాలు ఇళ్ల పనులు చాలా ఏళ్లుగా చేస్తున్నాను. వానలు మొదలవగానే ఫోన్లు కూడా మొదలవుతాయి. అందరూ పగులు ఫోటో పంపిస్తారు, దగ్గరి నుంచి ఒకటి, ఇంకా దగ్గరి నుంచి ఇంకొకటి. గోడ పైన ఏముందో, వెనక ఏముందో ఎవరూ ఫోటో తీయరు. నాకు కావలసింది అదే.

కాబట్టి మేస్త్రీని పిలిచే ముందు ఒక పని చేయండి. బాగా వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి పైవైపుకు ఎక్కి, పది నిమిషాలు నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. మేడ మీది వాన గొట్టం గోడ వెనకే వదిలేశారా? పైఇంటి వాళ్ల ట్యాంకు పొంగితే ఆ నీళ్లు ఎక్కడికి వస్తున్నాయి? కొండ మీది నుంచి దిగే చిన్న గెడ్డని (వాగుని) ఎవరైనా మట్టి పోసి మళ్లించారా? చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. అయినా ఈ పది నిమిషాలు పెట్టినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

గచ్చు మధ్యలో గీత గీసినట్టు పగులు

వాలు జాగాను చదును చేయడమంటే పై సగం తవ్వి, ఆ మట్టిని కింది సగంలో పోయడమే. అంటే ఇల్లు సగం గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద కూర్చుంటుంది. పోసిన మట్టి కుంగుతుంది, గట్టి నేల కుంగదు. పగులు సరిగ్గా ఆ రెండూ కలిసేచోట, కొండకు సమాంతరంగా వస్తుంది. లోయవైపు గచ్చు మీద కర్రతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అనుమానం అక్కర్లేదు.

పగిలింది గచ్చు ఒక్కటే అయితే భయం లేదు. లోయవైపు భాగం పగలగొట్టి, మట్టిని ఆరేడు అంగుళాల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించి, మెష్ (ఇనుప వల) వేసి కొత్త కాంక్రీట్ పోయాలి. పాత పగులు ఉన్న గీత మీదే జాయింట్ (సన్నటి సందు) వదలండి. ఆ జాయింట్ లేకపోతే పగులు తన దారి తాను వెతుక్కుంటుంది. పగులు గచ్చు దాటి గోడలు ఎక్కి, తలుపులు పట్టేస్తుంటే మాత్రం పిల్లర్ ఫుటింగ్ (పునాది అడుగు) పోసిన మట్టిలోనే ఆగిపోయిందని అర్థం. అప్పుడు మేస్త్రీతో పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి.

ర్యాంప్ పొరలుగా ఊడటం, మెట్లు ఇంటి నుంచి విడిపోవడం

ర్యాంప్‌ది నీళ్ల కాంక్రీట్ జబ్బు. పలచగా కలిపి పైనుంచి కిందికి పోస్తే సిమెంట్ పాలు, ఇసుక కిందికి జారి, పైన కంకర మిగులుతుంది. మళ్లీ వేసేటప్పుడు గట్టిగా కలిపి, కింది అంచు నుంచి పైకి పోసుకుంటూ వెళ్లండి. కింది అంచున నేలలోకి దిగేలా ఒక చిన్న బీమ్ వేయండి. చీపురు గీతలు వాలుకు అడ్డంగా గీయండి, లేకపోతే మొదటి వానకే బండి జారుతుంది.

మెట్లు విడిపోయాయంటే వాటికి సొంత పునాది లేదు. మధ్యలో సందును సిమెంట్‌తో నింపడం డబ్బు దండగ.

రిటైనింగ్ వాల్ (కొండ మట్టిని ఆపే గోడ) ముందుకు ఒరగడం, పొట్ట రావడం

ముందు ఎంత ఒరిగిందో కొలవండి. గోడ పైనుంచి గుండు వేలాడదీసి పైన, మధ్యలో, కింద దారానికీ గోడకూ మధ్య దూరం కొలిచి, తేదీతో గోడ మీదే రాయండి. పది రోజులకోసారి మళ్లీ కొలవండి. కదలనిది వేరు, కదులుతున్నది వేరు.

ఇప్పుడు అసలు సంగతి. గోడకు వీప్ హోల్స్, అంటే వెనకున్న నీళ్లు బయటికి పోవడానికి పైపులు పెట్టి వదిలే రంధ్రాలు, ఉన్నాయా అని అడిగితే అందరూ ఉన్నాయనే అంటారు. ఉంటాయి కూడా, వరసగా, అందంగా. కొన్నేళ్ల కిందట ఒకాయన అలాగే నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి, "చూడండి సార్, ఎంత వాన పడ్డా ఒక్క చుక్క రాదు, అంత గట్టిగా కట్టించాను" అన్నాడు. నేనూ తలూపాను. చిన్న పగులు ఉంటే పూడ్పించి వచ్చేశాను. అక్టోబర్‌లో తుపాను వానలు మూడు రోజులు కురిశాయి. నాలుగో రోజు తెల్లవారుజామున ఫోన్. గోడ మధ్యలో జానెడు ముందుకు వచ్చింది.

విప్పి చూస్తే కారణం చేతికే దొరికింది. కాంక్రీట్ పోసేటప్పుడు సిమెంట్ పాలు పైపుల్లోకి పోకుండా కూలీలు లోపలివైపు సిమెంట్ బస్తా కాగితం కుక్కారు. తర్వాత దాన్ని తీసినవాడు లేడు. వెనక కంకర అసలే లేదు, ఎర్రమట్టి నేరుగా గోడకు ఆనించి దట్టించారు. నోట్లో గుడ్డ కుక్కి కట్టేసినట్టుంది ఆ గోడ.

అప్పటినుంచి నాకు ఒకటే లెక్క. పెద్ద వానలో వీప్ హోల్ కారితే సంతోషం, పొడిగా ఉంటే టెన్షన్.

ఎందుకో అంకెల్లో చూడండి. 8 అడుగుల గోడ వెనక పొడి మట్టి ఉంటే, ప్రతి అడుగు పొడవుకూ సుమారు 550 కిలోల తోపు ఉంటుంది. అదే మట్టి పైదాకా నీటితో నిండితే 1,150 కిలోలు దాటుతుంది. అంటే గోడ కట్టిన లెక్కకు రెట్టింపు. మందం పెంచినా స్టీల్ పెంచినా ఈ రెట్టింపును మోయడం కంటే నీళ్లను బయటికి వదలడమే చవక. పైగా ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. పాత గోడ మీద ఇంకో మూడడుగులు లేపి మట్టి నింపుతామనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మన విశాఖ కొండల రాయి ఖోండలైట్. అది కుళ్లితే బంకగా ఎర్రమట్టి అవుతుంది. కంకర, ఫిల్టర్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపేది) లేకుండా ఆ మట్టిని గోడకు ఆనిస్తే రెండు మూడు వానలకే రంధ్రాలు మూసేస్తుంది.

పరీక్ష సులువు. నాలుగడుగుల ఇనుప ఊచను ప్రతి రంధ్రంలోకీ దూర్చండి. గోడ మందం దగ్గరే టక్కున ఆగితే సిమెంట్ అడ్డం ఉంది. మెత్తగా దిగి, కొనకు ఎర్రమట్టి అంటుకుని వస్తే వెనక కంకర లేదు. గరగరమంటూ రాళ్ల మధ్యకు దిగితే పని సరిగ్గా చేశారు. ఒక్క రంధ్రం చూసి వదలొద్దు, అన్నీ చూడండి. చివర్లో రెండు మాత్రం సరిగ్గా పెట్టి, మధ్యవన్నీ ఉత్తుత్తి పైపులుగా వదిలిన గోడలు చూశాను.

బాగు చేసే వరస ఇది. మొదట పైనుంచి వచ్చే నీటిని మళ్లించండి. గోడకు రెండు మూడడుగుల పైన కాంక్రీట్ కాల్వ వేసి పక్కకు తిప్పితే సగం బరువు దిగినట్టే. తర్వాత ఎండాకాలంలో, గోడకు ఆసరా పెట్టి, మూడంగుళాల రంధ్రాలు డ్రిల్ చేయించండి. కింది వరస నేలకు అడుగు ఎత్తులో, రంధ్రానికీ రంధ్రానికీ ఐదడుగులు, పై వరస వాటి మధ్యల్లో ఉండాలి. రంధ్రం బయటికి కొద్దిగా వాలాలి. చిల్లుల పైపుకు ఫిల్టర్ గుడ్డ చుట్టి మట్టిలోకి రెండు మూడడుగులు దించాలి. డ్రిల్ చేస్తున్నప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, బురద నీళ్లు పిచికారీలా చిమ్ముతాయి. వీలుంటే గోడ వెనక కొంచెం కొంచెంగా తవ్వి అడుగు మందం కంకర నింపడమే శాశ్వత పని. కానీ ఒకేసారి ఆరడుగుల పొడవుకు మించి తవ్వొద్దు, వానాకాలంలో అసలు తవ్వొద్దు.

అన్నీ సరిగ్గా ఉండి, ఏప్రిల్ ఎండల్లో కూడా గోడ చెమ్మగా ఉంటే అది వాన నీరు కాదు. ఎవరిదో సంపు, సెప్టిక్ ట్యాంక్ లేదా కుళాయి లైన్ కారుతోంది. రాత్రి వాల్వులన్నీ కట్టేసి సంపులో నీటి మట్టం దగ్గర గీత పెట్టి, పొద్దున్నే చూడండి. దిగితే దొంగ దొరికాడు. దిగకపోతే పైఇంటి వాళ్లతో మర్యాదగా మాట్లాడి వాళ్ల సంపులోనూ ఇదే చేయించండి. ఎక్కువగా తగువు వచ్చేది ఈ చోటే.

ఈ రెండు లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా మరమ్మతు మాట పక్కన పెట్టి ముందు ఇల్లు ఖాళీ చేయండి. ఒకటి, గోడ పైన నేల మీద కొండకు అడ్డంగా కొత్త బీట పడటం. రెండు, గోడ కింది నుంచి బురద నీళ్లు ఉన్నట్టుండి ఎక్కువ కావడం. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. కొండ కదిలేటప్పుడు గోడ ఎంత మంచిదన్నది లెక్కలోకి రాదు.

మిగతావి

చెట్టు వేర్లు నెట్టాయనేవాళ్లు ఉంటారు. నెట్టగలవు, కానీ చెట్టు గోడను ఆనుకుని ఉంటేనే. సముద్రం గాలికి స్టీల్ తుప్పు పట్టి కవరింగ్ ఊడటం నిజమే, అయితే దానికి తుప్పు మరకలు ముందే కనిపిస్తాయి. సిమెంట్ బ్రాండు బాగాలేదనేది మేస్త్రీ మాట, ఈశాన్యం పెరిగిందనేది చుట్టాల మాట. రెండింటినీ విని వదిలేయండి.

ఇంకొకటి. పండక్కి గోడకు రంగు వేయిస్తే దగ్గరుండి చూసుకోండి. నునుపుగా ఉంటుందని పెయింటర్ వీప్ హోల్స్‌ని పుట్టీతో పూడ్చేస్తాడు.