పిల్లలకు లుకేమియా చికిత్స జరుగుతుంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

మా అక్క కొడుక్కి ఆరేళ్లప్పుడు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) రకం. రెండేళ్లు దాటి సాగిన ఆ చికిత్సలో ఇంట్లో అందరం తలా ఒక పని పట్టాం. మందులు పూర్తిగా పడితే ఈ రకం వచ్చిన పిల్లల్లో చాలామంది కోలుకుంటారు. ఆ 'పూర్తిగా' అన్నదే ఇంటివాళ్ల చేతిలో ఉండేది.

1. ముందు డబ్బు, బస సంగతి చూసుకోండి

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. ఆస్పత్రిలో ఈ పథకాల పనులు చూసే ఆరోగ్యమిత్రని మొదటిరోజే కలవండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, విశాఖ వైపు వాళ్లకు అగనంపూడిలో హోమీ భాభా ఆస్పత్రి ఉంది. ఊరి నుంచి వచ్చినవాళ్లు ఉండడానికి చోటు కావాలని అక్కడి సోషల్ వర్కర్‌ని అడగండి. మొహమాటపడొద్దు. గది అద్దె కట్టలేక చికిత్స మధ్యలో ఊరెళ్లిపోయినవాళ్లను మేం చూశాం.

2. ఒక ఫైలు, ఒక నోటుబుక్కు పెట్టండి

రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టండి. కీమో (క్యాన్సర్ మందు) ఎప్పుడు ఎక్కింది, రక్తకణాల కౌంట్లు ఎంతున్నాయి, డాక్టర్ ఏం చెప్పారు అన్నవి నోటుబుక్కులో రాయండి. రక్తం, ప్లేట్‌లెట్లు అవసరమైనప్పుడు బ్లడ్ బ్యాంకుకు వచ్చి ఇవ్వగల బంధుమిత్రుల నంబర్లు చివరి పేజీలో ఉండాలి.

3. జ్వరం వస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు

కీమోతో ఇన్‌ఫెక్షన్లను ఎదుర్కొనే తెల్లకణాలు పడిపోతాయి. అలాంటప్పుడు పిల్లలకు జ్వరం తప్ప వేరే లక్షణం కనిపించకపోవచ్చు. థర్మామీటర్‌లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించినా, చలితో వణికినా, అర్ధరాత్రయినా సరే, డాక్టర్‌కి ఫోన్ చేసి బయల్దేరాలి. యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే అంత మేలు. పారాసెటమాల్ వేసి 'పొద్దున్న చూద్దాంలే' అనుకోవద్దు. జ్వరం తగ్గినట్టుంటుంది గానీ ఇన్‌ఫెక్షన్ లోపల పెరిగిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి ఇంజెక్షన్ చేయించొద్దు, ప్లేట్‌లెట్లు తక్కువుంటే అక్కడ కండలోపల రక్తం కారి పేరుకుపోవచ్చు.

మా బావ తలుపు పక్కన మేకుకు ఒక సంచి తగిలించి ఉంచేవాడు. ఫైలు జిరాక్స్, రెండు జతల బట్టలు, ఛార్జర్, కొంత నగదు, ఆటో అతని నంబరు రాసిన అట్టముక్క అందులో ఉండేవి. ఆ సంచి నాలుగుసార్లు అక్కరకొచ్చింది. పెద్ద ఆస్పత్రి దూరమైతే దగ్గర్లో ఎక్కడికెళ్లాలో డాక్టర్‌తో ముందే రాయించుకోండి. అక్కడ చెప్పాల్సిన మొదటి మాట: 'బాబుకు కీమో నడుస్తోంది.'

4. వంట విషయం

కాచి చల్లార్చిన నీళ్లు, అప్పటికప్పుడు వండిన వేడి తిండి, తొక్క తీసి తినే పళ్లు పెట్టండి. బయటి తిండి, కోసి పెట్టిన పళ్లు వద్దు. నోట్లో పుళ్లు పడితే కారం లేని పప్పన్నం, ఇడ్లీ, మెత్తటి కిచిడీ తినగలుగుతారు. పసరు మందులు, నాటు మందులు ఎంత ప్రేమతో ఎవరు తెచ్చినా డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వొద్దు.

స్టెరాయిడ్ వాడే వారాల్లో పిల్లలకు ఆకలి విపరీతంగా వేస్తుంది, కోపం కూడా. మావాడు తెల్లవారుజామున మూడింటికి పెరుగన్నం కావాలని ఏడ్చేవాడు. అది మొండితనం కాదు, మందు ప్రభావం. అమ్మమ్మ లేచి కలిపి పెట్టేది.

5. ఇంట్లో మరో బిడ్డ ఉంటే

వాళ్లనీ పట్టించుకోవాలి. ఈ జబ్బు అంటుకోదని, ఎవరి తప్పూ కాదని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. పోలియో చుక్కల్లాంటి టీకాలు వాళ్లకు వేయించే ముందు క్యాన్సర్ డాక్టర్‌ని అడగండి. ఆటలమ్మ వచ్చినవాళ్ల దగ్గరికి పిల్లవాడు వెళ్లాడని తెలిస్తే, దద్దుర్లు రాకముందే డాక్టర్‌కి చెప్పాలి.

6. జుట్టు మళ్లీ వచ్చాక మరింత జాగ్రత్త

తొలి నెలల తీవ్రమైన కీమో అయ్యాక, ఏడాదికి పైగా ఇంట్లోనే మాత్రలు వాడే దశ వస్తుంది. పిల్లవాడు ఆడుకుంటుంటాడు, బడికెళ్తాడు. 'బాగానే ఉన్నాడుగా, ఇంకా ఈ మందులెందుకు' అని చుట్టాలంటారు. ఈ దశలో మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

మాత్రల లెక్క తికమకగా ఉంటుంది. మావాడికి 6-ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్) మాత్ర కొన్ని రోజులు ఒకటి, మిగతా రోజులు ఒకటిన్నర. మెథోట్రెక్సేట్ అనే ఇంకో మాత్ర మాత్రం వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. అందుకే అక్క గోడ క్యాలెండర్‌లో మెథోట్రెక్సేట్ రోజు చుట్టూ ఎర్రగీత గీసేది. రాత్రి తొమ్మిదింటికి మాత్ర మింగాక ఆ రోజు గడిలో మావాడే పెన్నుతో టిక్కు పెట్టేవాడు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయొద్దు, డాక్టర్‌ని అడగండి. స్ట్రిప్పులో వారానికి సరిపడా ఉన్నప్పుడే కొత్తది తెచ్చుకోండి.

చివరి మాత్ర అయిపోయినా ఫైలు అటకెక్కించొద్దు. రక్తపరీక్షలు కొన్నేళ్లు సాగుతాయి, ప్రతిసారీ దాన్ని తీసుకెళ్లాలి.