స్పెక్ట్రమ్‌తో ఒక సెకను కచ్చితంగా కొలవాలంటే

కిందటి దసరాకి మా అపార్ట్‌మెంట్ పిల్లలకి క్విజ్ పెట్టాం. జవాబుకి ఒక నిమిషం టైము. ఆ నిమిషాన్ని నా పాత జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ చేత లెక్కపెట్టిస్తానని గొప్పకి పోయాను. రెండో ప్రశ్నకే పై ఫ్లోర్ కుర్రాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ చూపించి, "తాతయ్యా, మీ నిమిషం పెద్దది" అన్నాడు. చూస్తే డెబ్బై సెకన్లు దాటింది. సత్యనారాయణపురంలో నా పరువు ఆ సాయంత్రం అంతే.

నిజానికి నా లెక్క తప్పు కాదు. స్పెక్ట్రమ్‌లోని ప్రాసెసర్ జెడ్80 సెకనుకి 35 లక్షల సార్లు కొట్టుకుంటుంది, అంటే 3.5 మెగాహెర్ట్జ్. ఆ ఒక్కో కొట్టుడునీ టీ-స్టేట్ అంటారు. నేను రాసిన ఆలస్యం లూపు (ఊరికే చుట్లు తిరిగి టైము గడిపే కోడ్) ఒక చుట్టుకి 26 టీ-స్టేట్లు తింటుంది: బీసీని (ఏ, బీ, సీ అంటే ప్రాసెసర్ లోపల అంకెలు దాచుకునే గదులు, బీసీ అంటే రెండూ కలిపి) ఒకటి తగ్గించడానికి 6, బీని ఏలోకి తేవడానికి 4, సీతో ఆర్ చెయ్యడానికి 4, వెనక్కి దూకడానికి 12. భాగిస్తే సెకనుకి దాదాపు 1,34,615 చుట్లు. మరి తేడా ఎక్కడ?

మీరే కొలిచి చూడండి. 48కె (48 కిలోబైట్ల మెమరీ) మెషీన్ కావాలి. ఎమ్యులేటర్ (స్పెక్ట్రమ్‌ని అనుకరించే ప్రోగ్రామ్) అయితే 48కె మోడల్ ఎంచుకుని స్పీడ్ 100 శాతంలో ఉంచండి. అసలు మెషీనే ఉంటే ఇంట్లో పడున్న రౌటర్ అడాప్టర్ మాత్రం గుచ్చకండి. దీనికి కావలసింది 9 వోల్టులే, కానీ పిన్ను మధ్యలో నెగటివ్ ఉండాలి.

ముందు క్లియర్ 29999 కొట్టండి, 30000 నుంచి ఉన్న మెమరీని బేసిక్ ముట్టుకోదు. తర్వాత 32768 నుంచి వరసగా ఈ తొమ్మిది అంకెలు పోక్ చెయ్యండి (మెమరీలో పెట్టండి): 1, 255, 255, 11, 120, 177, 32, 251, 201. బేసిక్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, 23673, 23672 రెండిట్లో సున్నా పెట్టి, రాండమైజ్ యూఎస్ఆర్ 32768ని (32768లో ఉన్న కోడ్‌ని నడపమనే ఆజ్ఞ) ఫర్ లూపులో పదిసార్లు నడపండి. అవగానే 23672లో ఉన్నదానికి, 23673లో ఉన్నదాన్ని 256తో గుణించి కలిపి ప్రింట్ చెయ్యండి. ఆ రెండు చోట్లా కలిపి ఉన్న ఒకే లెక్కని మెషీన్ సెకనుకి 50 సార్లు ఒకటొకటి పెంచుకుంటూ పోతుంది. మీకు 250కి అటూ ఇటూ రావాలి, అంటే అయిదు సెకన్లు.

ఇప్పుడు అవే అంకెల్ని 30000 నుంచి పెట్టి మళ్లీ నడపండి. అదే కోడ్, అదే చిప్పు, కానీ లెక్క బాగా పెరుగుతుంది. నేను దసరాకి కోడ్ పెట్టింది ఇక్కడే.

16384 నుంచి 32767 దాకా ఉన్న మెమరీని ప్రాసెసర్‌తో పాటు యూఎల్ఏ అనే చిప్పు కూడా వాడుకుంటుంది. టీవీ మీద బొమ్మ గీయాలంటే దానికి ఆ మెమరీ వెంటనే కావాలి. అందుకని జెడ్80 క్లాక్‌నే కాసేపు ఆపేస్తుంది. రైల్వే గేటు పడ్డాక బండి ఎన్ని సీసీలైతే ఏం లాభం? మెగాహెర్ట్జ్ చూసి స్పీడు చెప్పేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ చదువు పథకంలో దేశంలోని స్కూళ్లకి ఇచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్‌ది 2 మెగాహెర్ట్జే. అయినా బేసిక్‌లో స్పెక్ట్రమ్ దాని దరిదాపుల్లోకి రాదు. అక్కడ స్క్రీన్ కోసం ప్రాసెసర్ ఆగక్కర్లేదు, పైగా ఆ బేసిక్కే చురుకు.

కోడ్‌ని 32768 పైకి మారిస్తే చాలావరకు సరిపోతుంది. నేనైతే చుట్లు లెక్కపెట్టడమే మానేశాను. ఈ ఆరు అంకెలు ఎక్కడ పెట్టినా ఒకటే: 6, 50, 118, 16, 253, 201. ఇందులో 118 అంటే హాల్ట్, తర్వాతి ఇంటరప్ట్ (సెకనుకి 50 సార్లు ప్రాసెసర్‌కి వచ్చే పిలుపు) వచ్చేదాకా ఊరుకోమని. యాభై ఇంటరప్ట్‌లు అయితే ఒక సెకను. బేసిక్‌లో పాజ్ 50 కూడా ఇదే పని చేస్తుంది కానీ ఎవరైనా మీట నొక్కితే ఆగిపోతుంది. పిల్లల మధ్య అది పనికిరాదు.

ఒక ఫ్రేముకి (ఒక ఇంటరప్ట్ నుంచి తర్వాతిదాకా) 69,888 టీ-స్టేట్లు కాబట్టి 3000 ఇంటరప్ట్‌లకి 59.9 సెకన్లు అవుతుంది. ఆ పదో వంతు సెకను పై ఫ్లోర్ కుర్రాడు ఇంకా పట్టుకోలేదు.